టెర్మినల్లో సరే, టైమర్‌లో ఎందుకు మొరాయిస్తోంది?

ప్రశ్న: మాస్టారూ, పలాసలో మాకు చిన్న జీడిపప్పు ఫ్యాక్టరీ ఉంది. బిల్లుల బ్యాకప్‌కి స్క్రిప్టు రాసుకున్నాను. బ్యాకప్ ఎక్కడ పడాలో ఒక వేరియబుల్‌గా డాట్ బాష్‌ఆర్‌సీలో (టెర్మినల్లో మన కమాండ్లు నడిపే బాష్, తెరవగానే చదివే ఫైలు) ఎక్స్‌పోర్ట్ చేశాను. టెర్మినల్లో నడిపితే బాగానే నడుస్తోంది. రాత్రికి సిస్టమ్‌డీ యూజర్ టైమర్ (లినక్స్‌లో చెప్పిన వేళకి మన పేరు మీద సర్వీసు నడిపే ఏర్పాటు) పెడితే మాత్రం 'పర్మిషన్ డినైడ్' అంటోంది. పర్మిషన్లన్నీ చూశాను, సరిగ్గానే ఉన్నాయి.
– ఒక పాఠకుడు, పలాస

జవాబు: ఇంక పర్మిషన్ల జోలికి పోకండి బాబూ. స్క్రిప్టులో వేరియబుల్, దాని పక్కన 'స్లాష్ బిల్లులు' అని రాసుంటారు. సర్వీసుకి ఆ వేరియబుల్ అందలేదు. అది ఖాళీ అయితే మిగిలేది 'స్లాష్ బిల్లులు', అంటే రూట్‌లో, డిస్కు మొదట్లోనే, ఉండే ఫోల్డర్. మామూలు యూజర్ని అక్కడ రాయనివ్వరు. ఒకందుకు నయమే, ఆ లైన్లో పాతవి చెరిపే కమాండ్ ఉంటే ఇంకేం చెరిపేదో!

డాట్ బాష్‌ఆర్‌సీని చదివేది బాష్ ఒక్కటే. యూజర్ సర్వీసుల్ని నడిపే సిస్టమ్‌డీ మేనేజర్ లాగిన్‌తో విడిగా మొదలవుతుంది, బాష్ కింద పుట్టదు. అది చూసేది మీ హోమ్‌లో డాట్ కాన్ఫిగ్ లోపలి 'ఎన్విరాన్‌మెంట్ డాట్ డి' ఫోల్డర్‌ని. అందులో డాట్ కాన్ఫ్‌తో ముగిసే ఫైలు పెట్టి లైనుకొకటి చొప్పున పేరు, ఈక్వల్స్, విలువ రాయండి. ఎక్స్‌పోర్ట్ అన్న మాట వద్దు. విలువలో కమాండ్ పెడితే అది నడవదు.

బాష్‌ఆర్‌సీలో ఉన్నది తీసేయండి. మా విజయనగరంలో కంటోన్మెంట్ వైపు ఒక జెరాక్స్ షాపులో చూశాను: ఒకే వేరియబుల్, మూడు ఫైళ్లలో మూడు విలువలు! ఎస్‌ఎస్‌హెచ్‌లో (వేరే కంప్యూటర్ నుంచి) లాగినైనా అదే విలువ కావాలంటే, లాగిన్‌లో చదివే డాట్ ప్రొఫైల్‌లో 'సెట్ మైనస్ ఏ' (ఇక వచ్చే వేరియబుల్స్ అన్నీ వాటంతటవే ఎక్స్‌పోర్ట్ అవుతాయి) అని, ఆ కాన్ఫ్ ఫైలునే సోర్స్ చేసి (అంటే చదివించి), ఆ పద్ధతి ఆపడానికి 'సెట్ ప్లస్ ఏ' అనండి. విలువల్లో ఖాళీలు లేకుండా చూసుకోండి. డాట్ బాష్ అండర్‌స్కోర్ ప్రొఫైల్ ఉంటే మాత్రం బాష్ డాట్ ప్రొఫైల్ ముఖం కూడా చూడదు.

రాత్రి టైమర్ అన్నారు కాబట్టి లింగర్ (మీరు లాగౌటైనా మీ మేనేజర్ నడుస్తూనే ఉండే సెట్టింగ్) ఆన్ చేసే ఉంటారు. అప్పుడు లాగౌటై మళ్లీ లాగినైనా మేనేజర్ పాతదే. 'సిస్టమ్‌సీటీఎల్ డాష్‌డాష్ యూజర్ డీమన్-రీలోడ్' కొట్టి, అదే కమాండ్‌కి 'షో-ఎన్విరాన్‌మెంట్' తగిలించి చూడండి. అక్కడ మీ వేరియబుల్ కనబడ్డాకే సర్వీసు నడపండి. పాస్‌వర్డులు మాత్రం ఈ ఫైల్లో పెట్టకండి, మీరు తెరిచే ప్రతి ప్రోగ్రాముకీ అవి చేరతాయి.