ఆచారం పాటించే యూదుల ఇంట్లో పనికి వెళ్తున్నాను, ఇంట్లో చెప్పుల్లేకుండా తిరిగితే తప్పా?

చెల్లీ, నువ్వడిగినవి మూడు. యెరూషలేములో బాగా నిష్ఠగా ఉండే ఇంట్లో ముసలావిడను చూసుకునే పని దొరికింది, పంజాబీ డ్రెస్సులు నడుస్తాయా, తల కప్పుకోవాలా, ఇంట్లో మనలాగా ఉత్తి కాళ్ళతో తిరగొచ్చా అని. ఆడవాళ్ళ పాదాలు కనపడితే వాళ్ళకు పాపం అని మీ ఏజెంటు భయపెట్టాడట కదా. అతను చెప్పింది సగమే. నేను బ్నే బ్రాక్‌లో (టెల్ అవీవ్ పక్కనే, నిష్ఠగా ఉండేవాళ్ళ ఊరు) ఒకే ఇంట్లో నాలుగేళ్ళకు పైగా కేర్‌గివర్‌గా చేశాను కాబట్టి నా అనుభవం చెప్తాను.

మొదటి రోజే నేను పెద్ద తప్పు చేశాను. గుమ్మం బయట చెప్పులు విప్పి, సూట్‌కేసు పట్టుకుని మర్యాదగా లోపలికి వెళ్ళాను. మా ఊళ్ళో గుడికే కాదు, చర్చికి వెళ్ళినా చెప్పులు బయటే కదా, ఇక కొత్తవాళ్ళింట్లోకి చెప్పులతో ఎలా వెళ్తాం? సోఫాలో కూర్చున్న ముసలావిడ (ఇంట్లో అందరూ సవ్తా అనేవాళ్ళు, మన అమ్మమ్మో నానమ్మో అన్నట్టు) నా ముఖం చూడనే లేదు. నా కాళ్ళ వంకే చూస్తూ కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుని యిద్దిష్‌లో ఏదో అంది. కాలిగోళ్ళకు రంగు ఉంది కాబట్టి దాని గురించేమో అనుకుని వేళ్ళు ముడుచుకున్నాను. కూతురు ఇబ్బందిగా నవ్వి ఇంగ్లీషులో అడిగింది, "మీ ఇంట్లో ఎవరైనా పోయారా అంటోంది మా అమ్మ" అని.

అదీ సంగతి. వాళ్ళల్లో దగ్గరివాళ్ళు చనిపోతే ఏడు రోజులు షివా అని కూర్చుంటారు. కుర్చీలు ఎత్తుగా ఉండకూడదు, తోలు చెప్పులు వేసుకోకూడదు, గుడ్డ చెప్పులతోనో సాక్సుతోనో నేల మీదకు వంగినట్టు చిన్న పీటల మీద కూర్చుంటారు. దావీదు రాజు కూడా కొడుకు అబ్షాలోము తిరగబడితే ఏడుస్తూ చెప్పుల్లేకుండా ఒలీవల కొండ ఎక్కాడని బైబిల్లో ఉంది. అందుకని కొన్ని ఇళ్ళల్లో మామూలు రోజు ఉత్తి సాక్సుతో తిరిగినా పెద్దవాళ్ళు ఊరుకోరు. మనింట్లో ఎవరైనా బొట్టు లేకుండా ఎదురొస్తే మా అమ్మమ్మ ఎలా ఉలిక్కిపడేదో, సవ్తా అలాగే ఉలిక్కిపడిందన్నమాట. ఆ సాయంత్రమే కూతురు నాకు మెత్తటి స్లిప్పర్లు కొనిపెట్టింది.

తాల్ముద్ అని వాళ్ళ పాత ధర్మ గ్రంథంలో ఒక మాట ఉంది, ఇంటి దూలాలు అమ్ముకునైనా సరే కాళ్ళకు చెప్పులు కొనుక్కోమని. పొద్దున్నే చెప్పే దీవెనల్లో, నా అవసరాలన్నీ తీర్చావు అని దేవుడికి చెప్పే ఒకటి చెప్పులు తొడుక్కోవడాన్ని బట్టి వచ్చిందే. తొడగడానికి కూడా వరస ఉంది, నాకు అది పట్టుబడటానికి నెల పట్టింది: ముందు కుడి కాలు, తర్వాత ఎడమ కాలు, కానీ లేసు కట్టేటప్పుడు ముందు ఎడమది. సవ్తాకు మతిమరుపు బాగా ఉండేది, ఒక్కోరోజు కూతురి పేరు గుర్తొచ్చేది కాదు, అయినా నేను తొందరలో ఎడమ బూటు అందుకున్నానంటే కాలు గభాలున వెనక్కి లాక్కునేది.

సరే, మరి పాదం కనపడటం తప్పా? వాళ్ళు త్స్నియుత్ అంటారు, అంటే ఒద్దిక, మర్యాదగా కప్పుకోవడం. గట్టిగా పాటించేవాళ్ళల్లో మెడ ఎముక, మోచేయి, మోకాలు కనపడకూడదు. పాదం దగ్గరికొచ్చేసరికి వాళ్ళల్లో వాళ్ళకే ఒక మాట లేదు. ఆడవాళ్ళ 'షోక్' కనపడకూడదని తాల్ముద్ మాట, ఆ షోక్ అంటే తొడా, పిక్కా అన్నది తెగని తగువు. యూరప్ నుంచి వచ్చినవాళ్ళు ఎక్కువగా చూసే మిష్నా బెరూరా అనే పుస్తకం, మోకాలి కింద నుంచి పాదం దాకా ఊరి అలవాటును బట్టి అంటుంది, ఆడవాళ్ళు చెప్పుల్లేకుండా తిరిగే ఊళ్ళో పాదం కనపడినా ఇబ్బంది లేదని. ఇంకొందరు రబ్బీలు, అంటే వాళ్ళ మతగురువులు, అంత తేలిగ్గా ఒప్పుకోరు. అందుకే ఒకే యెరూషలేములో, తలకు గుడ్డ చుట్టుకుని పొడుగు లంగా వేసుకున్న ఆవిడ ఉత్త శాండిల్స్‌తో బస్సెక్కుతుంది, వేళ్ళన్నీ కనపడుతుంటాయి. పది నిమిషాలు నడిచి మెయా షెయారీం అనే బాగా నిష్ఠగల పేటకు వెళ్తే ఆగస్టు ఎండలో కూడా దళసరి మేజోళ్ళే. మంచి బట్టలు వేసుకోకుండా మా వీధుల్లోకి రావద్దని అక్కడ గోడల మీద పెద్ద బోర్డులే ఉంటాయి. నీ పని ఏ వీధిలోనో ముందు కనుక్కో, సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

మా సవ్తాది దళసరి మేజోళ్ళ బాపతు. కాళ్ళు వాచి ఉండేవి, మేజోడు చివరిదాకా చుట్టి, వేళ్ళకు తొడిగి, ముడతపడకుండా కొద్దికొద్దిగా పైకి లాగాలి, పూర్తయ్యేసరికి నాకూ ఆవిడకూ చెమటలు. డాక్టరు వచ్చినప్పుడు తప్ప ఆవిడ పాదాలు ఇంట్లో మగపిల్లలు కూడా చూసి ఉండరు.

ఇక నన్ను తికమక పెట్టిన సంగతొకటి. పండగ రోజు ఆవిడను చక్రాల కుర్చీలో బెత్ క్నెసెత్‌కు, అంటే వాళ్ళ ప్రార్థనా మందిరానికి, తీసుకెళ్ళాను. ఆడవాళ్ళ వైపు తెర సందులోంచి చూస్తే అవతల బెంచీల కింద మగవాళ్ళ నల్ల బూట్లు జతలు జతలుగా విప్పి ఉన్నాయి! అచ్చం మన గుడి ముందు లాగే. అయ్యో, ఇన్ని చావులా అనుకున్నాను, నిజంగా. తర్వాత తెలిసింది, వాళ్ళు కోహెన్‌లు, పాత దేవాలయంలో పూజారుల వంశం వాళ్ళు. ఆ దేవాలయంలో పూజారులు ఉత్తి కాళ్ళతోనే సేవ చేసేవాళ్ళు. ఇప్పటికీ జనాన్ని దీవించడానికి ముందు బూట్లు విప్పుతారు, మోషే మండే పొద దగ్గర చెప్పులు విప్పినట్టు. (తాల్ముద్ చెప్పే కారణం మాత్రం మరీ మామూలుది, చెప్పు తెగితే కట్టుకుంటూ వెనకబడిపోతాడేమో, అప్పుడు జనం వీడు సరైన కోహెన్ కాదేమో అనుకుంటారేమో అని.) యోమ్ కిప్పూర్ రోజు, అంటే పాపాలు క్షమించమని ఉపవాసం ఉండే రోజు, ఇంకో చిత్రం, తెల్ల బట్టలు, సూట్లు వేసుకున్న పెద్దమనుషులందరి కాళ్ళకూ రంగురంగుల క్రాక్స్. ఆ రోజు తోలు చెప్పులు నిషేధం, ప్లాస్టిక్ పర్వాలేదు.

మరి ప్రార్థనకు ఉత్తి కాళ్ళతో నిలబడొచ్చా అంటే, వాళ్ళ ధర్మశాస్త్రం షుల్హాన్ అరూఖ్‌లో ఉన్న మాట నాకు భలే నచ్చింది: మీ ఊళ్ళో పెద్దమనిషి ముందు ఎలా నిలబడతారో దేవుడి ముందూ అలాగే నిలబడండి, చెప్పులతో నిలబడటం మర్యాదైతే చెప్పులతోనే. అందుకే కొచ్చిన్ యూదులు మనలాగే విప్పి వెళ్ళేవాళ్ళు. మట్టాంచేరిలో 1568లో కట్టిన పరదేశి సినగాగ్‌కు వెళ్తే ఇప్పటికీ చెప్పులు బయటే. బ్నే బ్రాక్‌లో నేను విప్పితే చావు, కొచ్చిన్‌లో విప్పకపోతే అమర్యాద.

బట్టల సంగతి త్వరగా చెప్తాను. నువ్వు యూదురాలివి కాదు కాబట్టి ఈ నియమాలు నీకు వర్తించవు, తల కప్పుకోనక్కర్లేదు, అది పెళ్ళైన వాళ్ళ ఆడవాళ్ళకే. కానీ వాళ్ళింట్లో ఉంటావు కాబట్టి మోచేయి దాటిన చేతులు, మోకాలు దాటిన టాప్, మెడ దగ్గర లోతు లేనివి పట్టుకెళ్ళు. పంజాబీ డ్రెస్సు మా ఇంట్లో నడిచింది, కొన్ని ఇళ్ళల్లో లంగానే కావాలంటారు, ఫోన్లోనే అడిగెయ్. మరీ ఎర్రటివి వద్దన్నారు నాకు. చీర పెట్టుకోకు, మనకు అంతకన్నా పద్ధతైన బట్ట లేదు కానీ నడుము కనపడుతుంది కదా.

తల అంటే గుర్తొచ్చింది, వాళ్ళు విగ్గు పెట్టుకుంటే ఆశ్చర్యపోకు, షేతెల్ అంటారు. తిరుపతి దగ్గరినుంచి వచ్చావా అని కూతురు నన్ను ఒకసారి అడిగింది, ఏంటా అనుకున్నాను. 2004లో రబ్బీ ఎల్యాషివ్, తిరుమలలో తలనీలాలు ఇవ్వడం విగ్రహారాధనలో భాగమే కాబట్టి ఆ జుట్టుతో చేసిన విగ్గులు వాడొద్దని తీర్పు ఇస్తే, వీధుల్లో మంటలు పెట్టి విగ్గులు తగలబెట్టారట, సవ్తాది కూడా అందులోనే పోయిందట. మా అమ్మ అక్కడ రెండుసార్లు గుండు చేయించుకుందన్న సంగతి నేను ఆ ఇంట్లో చెప్పలేదులే.

పట్టీలు మువ్వల్లేనివైతే ఉంచుకో. మువ్వలుంటే విప్పెయ్, యెషయా ప్రవక్త సీయోను ఆడపిల్లల్ని తిట్టిందే కాళ్ళ గజ్జెలు మోగిస్తూ నడుస్తున్నారని. ఇంట్లోకి రెండు జతల స్లిప్పర్లు విడిగా పెట్టుకో. మెట్టెలు తీయమని నన్ను ఎవరూ అడగలేదు, కాకపోతే చలికాలం మేజోళ్ళు వేసుకుంటే దారాలు లాగేస్తాయి, నాలుగు జతలు అలాగే చిరిగాయి నాకు.