అణుమేఘాలా, పరమాణు మేఘాలా?

సందేహం: ‘రేడియో వర్ణపట రేఖల ఆధారంగా నక్షత్రాల నడుమనున్న అణుమేఘాల పటాలు తయారుచేశారు’ అని ఒక వ్యాసంలో చదివాను. అణుబాంబు, అణువిద్యుత్తు అన్నప్పుడు ‘అణు’ అంటే పరమాణువనే కదా అర్థం! ‘పరమాణు మేఘాలు’ అన్నా తప్పులేదా? కంటికి కనిపించని రేడియో తరంగాలకు ‘వర్ణం’ ఎక్కడిది?

సమాధానం: వ్యాసకర్త ప్రయోగం సరైనదే. ‘పరమాణు మేఘాలు’ అంటే మాటతో పాటు విషయమూ మారిపోతుంది. శాస్త్ర పరిభాషలో పరమాణువుల కలయిక వల్ల ఏర్పడేది అణువు; మీరు ఉదాహరించిన ‘అణుబాంబు’ వంటివి ఈ భేదాన్ని పాటించకుండానే వ్యవహారంలో స్థిరపడిపోయాయి కనుక వాటిని ఇక్కడ ప్రమాణంగా తీసుకోలేము.

ఈ భేదం ఖగోళశాస్త్రంలో ఎంత అవసరమో చూడండి. హైడ్రోజన్ విడివిడి పరమాణువులుగా ఉన్నచోట 21 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యం గల రేఖ (అంటే ఆ ఒక్క తరంగదైర్ఘ్యం వద్దే ప్రస్ఫుటంగా కనిపించే వికిరణం) వెలువడుతుంది; దానిని 1951లో తొలిసారి గుర్తించారు. అవే పరమాణువులు రెండేసి జతకూడి అణువులైతే ఆ రేఖ ఉండదు. పైగా సౌష్ఠవం గల ఆ అణువు, పది ఇరవై కెల్విన్‌ల (సుమారు మైనస్ 260 డిగ్రీల సెల్సియస్) చలిలో దాదాపు ఏ వికిరణాన్నీ వెలువరించదు. అందువల్ల దానితో కలిసి స్వల్పంగా ఉండే కార్బన్ మోనాక్సైడ్ అణువును ఆనవాలుగా తీసుకుంటారు. దాని 2.6 మిల్లీమీటర్ల రేఖను విల్సన్, జెఫర్ట్స్, పెంజియాస్ అనే శాస్త్రవేత్తలు 1970లో ఓరియన్ నీహారిక దిశలో కనుగొన్నారు. టెలిస్కోపును ఆకాశంలో ఒక్కొక్క బిందువు వైపే తిప్పుతూ, ఆ రేఖ తీవ్రతను కొలుస్తూ పోతే మేఘం ఆకృతి తేలుతుంది. ఈ రేఖ పౌనఃపున్యం (సెకనుకు కంపనాల సంఖ్య) సుమారు 115.27 గిగాహెర్ట్జ్; మేఘం సెకనుకు ఒక కిలోమీటరు వేగంతో మన నుంచి దూరమైతే అది దాదాపు 384 కిలోహెర్ట్జ్ తగ్గుతుంది. కాబట్టి ఒకే దిశలో ఒకదాని వెనుక ఒకటి ఉన్న మేఘాలనైనా, వాటి వేగాలు వేరైతే, విడదీసి చూపవచ్చు.

ఇక ‘వర్ణపటం’ సంగతి. కంటికి కనిపించే కాంతిని రంగులుగా విడదీసినప్పుడు పుట్టిన ఈ మాట, తర్వాత పౌనఃపున్యాల వారీగా విడదీసిన ఏ వికిరణానికైనా చెల్లుబాటైంది. తిలల నుంచి తీసినదే తైలమైనా ఆముదపు తైలమంటే ఎవరూ ఆక్షేపించరు. ‘వర్ణం’ మీద పట్టుదలతో ఇప్పుడు కొత్త మాట కల్పించనక్కరలేదు.

అయితే సామాన్య పాఠకులకు రాసేటప్పుడు, బాంబు పేలితే లేచే మేఘం స్ఫురించకుండా, మొదటిసారి ‘నక్షత్రాంతర అణుమేఘాలు’ అని పూర్తిగా రాయడం మంచిది. 21 సెంటీమీటర్ల రేఖతో గుర్తించిన వాటిని మాత్రం ‘పరమాణు హైడ్రోజన్ మేఘాలు’ అనే రాయాలి.