కండరాల జబ్బుకు గుండె పరీక్ష ఎందుకు?

ప్రశ్న: మా బాబుకు తొమ్మిదేళ్లు. డుషెన్ మస్కులర్ డిస్ట్రఫీ అని రెండేళ్ల క్రితం తేలింది. కింద కూర్చుంటే మోకాళ్ల మీద చేతులు ఆనించుకుంటూ లేస్తాడు. ఆయాసం, ఛాతీనొప్పి లేవు. అయినా గుండెకు ఎకో తీయించమంటున్నారు, నన్నూ తీయించుకోమన్నారు. కాళ్ల జబ్బుకు గుండె పరీక్ష ఎందుకు? – ఒక తల్లి, కరీంనగర్

జవాబు: తీయించండమ్మా, ఇద్దరికీ.

ఆయాసం లేదు కాబట్టి గుండె బాగుందనుకోకండి. ఆయాసం రావాలంటే పిల్లాడు పరుగెత్తాలి కదా! ఈ పిల్లల్లో గుండె నీరసించినా అది కడుపునొప్పిగానో, వాంతులుగానో, అన్నం సయించకపోవడంగానో కనిపిస్తుంది. గ్యాస్ అనుకుని సిరప్ తాగిస్తూ ఉండిపోతారు.

అసలిది కాళ్ల జబ్బు కాదు, కండర కణాన్ని కప్పి ఉండే పొరకు సంబంధించిన జబ్బు. డిస్ట్రోఫిన్ అనే ప్రొటీన్ ఒక కొసతో కణం లోపలి పోగులను, ఇంకో కొసతో పొరలోని ప్రొటీన్ల గుంపును పట్టుకుని ఉంటుంది. కండరం ముడుచుకున్నప్పుడు పొర చిరగకుండా కాసేది ఈ కట్టే. కాళ్లూచేతుల కండరాల్లో ఇంకో పని కూడా ఉంది: కండరం కష్టపడుతుంటే 'ఇటు రక్తం ఎక్కువ పంపు' అని రక్తనాళాలకు కబురు పెట్టే ఎంజైము కూడా ఇక్కడే అతుక్కుని ఉంటుంది. డిస్ట్రోఫిన్ లేకపోతే గుంపు చెదిరిపోతుంది, కబురూ సరిగా అందదు. చిరుగుల్లోంచి బయటి కాల్షియం లోపలికి, లోపల ఉండాల్సిన సీకే అనే కండరాల ఎంజైము రక్తంలోకి వెళ్తాయి. మీ బాబు రిపోర్టులో సీకే వేలల్లో ఉండే ఉంటుంది. లివర్ పరీక్షలో చూసే ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ కూడా ఈ పిల్లల్లో కండరాల నుంచే పెరుగుతాయి. అవి చూసి లివర్ జబ్బనుకుని నెలల తరబడి తిరిగినవాళ్లు నాకు తెలుసు.

గుండె కండరంలోనూ ఇదే ప్రొటీన్. పైగా దానికి విశ్రాంతి లేదు. దెబ్బతిన్న చోట కండకు బదులు పీచులాంటి మచ్చ మిగులుతుంది. అది ఎకోలో కంటే గుండె ఎంఆర్‌ఐలో ముందే బయటపడుతుంది, వీలుంటే అదీ చేయించండి. ఏడాదికోసారి పరీక్ష తప్పనిసరి. అన్నీ నార్మల్‌గా ఉన్నా పదేళ్లు వచ్చేసరికి ఎనలాప్రిల్ లాంటి మందు మొదలుపెడతారు. 'పిల్లాడికి బీపీ మాత్ర ఏంటి?' అని కంగారుపడి మానేయకండి, అది గుండెను కాపాడటానికి. స్టెరాయిడ్ వాడుతుంటే ఉన్నట్టుండి ఆపొద్దు. ఏ ఆపరేషన్ అయినా సరే, మత్తు డాక్టర్‌కు జబ్బు పేరు ముందే చెప్పండి. సక్సినైల్‌కోలిన్ అనే ఇంజెక్షన్ ఈ పిల్లలకు ప్రమాదం.

ఇక మీ సంగతి. ఈ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. దాదాపు మూడింట ఒక వంతు పిల్లల్లో లోపం కొత్తగా వచ్చినదే, తల్లి నుంచి వచ్చింది కాదు. మిగతావాళ్లలో తల్లి క్యారియర్, అంటే తనకు జబ్బు పైకి కనిపించకపోయినా లోపమున్న జన్యువును మోస్తుంటుంది. క్యారియర్‌కు కాళ్లు బాగానే ఉన్నా గుండె బలహీనపడవచ్చు. అందుకే మీకు ఎకో, దాంతోపాటు జన్యు పరీక్ష. హైదరాబాద్ నిమ్స్‌లో జెనెటిక్స్ విభాగం ఉంది. మీరు క్యారియర్ అని తేలితే అక్కచెల్లెళ్లకు, కూతురుంటే ఆమెకూ చెప్పండి. పెళ్లి సంబంధాలు చెడతాయని చాలా ఇళ్లలో దాచేస్తారు. అలా దాచాక, క్యారియర్ అయిన అమ్మాయికి గర్భంతో ఉన్నప్పుడు గుండె బలహీనత బయటపడితే సర్దుకోవడం చాలా కష్టమవుతుంది.