బొహీమియన్ గ్రోవ్ లాంటి రహస్య విడిదుల్లో పెద్దమనుషులు నిజంగా ఏం చేస్తారు?

ఎక్కువగా తింటారు, తాగుతారు, పాడతారు. మూడింట్లో పాడటమే ప్రమాదకరం. విశాఖలో సౌండ్ సిస్టమ్ అద్దెకిచ్చే పని నాది కాబట్టి కాస్త అధికారంతోనే చెబుతున్నాను.

ముందు అమెరికా సంగతి. బొహీమియన్ గ్రోవ్ అంటే కాలిఫోర్నియాలో మాంటే రియో దగ్గర, రెడ్‌వుడ్ అడవిలో సుమారు 2,700 ఎకరాలు. 1872లో శాన్ ఫ్రాన్సిస్కోలో పుట్టిన బొహీమియన్ క్లబ్‌ది ఆ స్థలం. మొదట్లో అది విలేకరులు, కళాకారుల క్లబ్బే. డబ్బున్నవాళ్ళు చేరాక విలేకరులు గేటు బయట మిగిలారు. సభ్యులంతా మగవాళ్ళే, ఏటా జులైలో కలుస్తారు. నలభై అడుగుల గుడ్లగూబ విగ్రహం ముందు 'చింత' పేరుతో ఒక దిష్టిబొమ్మను తగలబెట్టి సంబరం మొదలుపెడతారు. మన దగ్గర గుడ్లగూబ ఇంటిమీద వాలితే శాంతి చేయిస్తాం, వాళ్ళు ఏకంగా విగ్రహమే కట్టుకున్నారు! అయినా బ్యాంకుల అధిపతులకీ మాజీ అధ్యక్షులకీ తగలబెట్టుకునేంత చింత ఏముంటుంది? అదున్నవాళ్ళం గేటు ఇవతలే ఉన్నాం కదా.

'సాలెగూళ్ళు అల్లేవాళ్ళు ఇక్కడికి రావద్దు' అన్నది క్లబ్ నినాదం. అంటే వ్యాపారం మాట్లాడొద్దని. బోర్డు పెట్టినచోటే ఆ పని ఎక్కువ జరుగుతుందని మన ఊరి గోడలు చూసినవాళ్ళకి వేరే చెప్పాలా? (ఆ అడవిలో చెట్లకీ ఆ గోడల గతేనట.) 1967లో అక్కడ నిక్సన్ ఉపన్యసించాడు, మరుసటి ఏడాది అధ్యక్షుడిగా గెలిచాడు. అణుబాంబు ప్రాజెక్టు వాళ్ళు 1942 సెప్టెంబరులో అక్కడ కూర్చున్న మాట కూడా నిజమే, కానీ అది జులై సంబరంలో కాదు. లారెన్స్ అనే శాస్త్రవేత్త సభ్యుడు కాబట్టి చోటు దొరికింది. మనకైనా ఇవి కొత్తా? 1995లో ఎన్టీఆర్ కుర్చీ ఏ హోటల్ దగ్గర కదిలిందంటే ఎవరైనా వైస్రాయ్ అని చెప్తారు.

ఇక నేను కళ్ళారా చూసింది. భీమిలి రోడ్డులో ఒక రిసార్టు. గేటు దగ్గర అందరి ఫోన్లూ, మా కుర్రాళ్ళవి కూడా, పేర్లు రాసిన టేపు అంటించి అట్టపెట్టెలో పడేశారు. లోపల పాతిక ముప్పై మంది, ఒకే రంగు టీషర్టులు, అన్నీ పొట్టల దగ్గర బిగిసిపోయి ఉన్నాయి. పేపర్లో రోజూ తిట్టుకునే ఇద్దరు ఒకే ప్లేట్లో రొయ్యల వేపుడు తింటున్నారు. ఆ రెండు రోజులూ 'సార్' నిషేధం, అందరూ 'ఒరే' అనే పిలుచుకోవాలట. పావుగంట కాకుండానే ఒకాయన అలిగాడు. తనని ఒరే అన్నవాడు తనకంటే కింది పదవిలో ఉన్నాడని! బతిమాలి తీసుకొచ్చి, ఆయన ఒక్కడికీ 'అన్నయ్యగారూ' అని మినహాయింపు ఇచ్చారు.

తర్వాత ఘంటసాల పాటలు. "ఎకో పెంచు బాబూ" అని ప్రతివాడూ వచ్చి చెవిలో చెప్పేవాడే. చేతికొచ్చిన మైకు ఒక్కరూ వదల్లేదు. ఫోటోలు వద్దని గట్టిగా చెప్పారు, కానీ శాలువా కప్పేటప్పుడు మాత్రం రిసార్టు మేనేజర్ ఫోన్ తెప్పించి ఒకటి తీయించుకున్నారు. "ఇది బయటికి పోకూడదు" అని ఒకాయన, ఆ వెంటనే "నాకొకటి పంపు" అని అదే ఆయన.

పదకొండు దాటాక నలుగురు లేచి స్విమ్మింగ్ పూల్ అవతలికి వెళ్ళారు. పాట సౌండ్ తగ్గించమన్నారు. ఒక లేఅవుట్, దాని పక్క నుంచి పోయే రోడ్డు, అంతే నాకు వినబడింది. ఐదు నిమిషాల్లో తిరిగొచ్చి మళ్ళీ మైకు అందుకున్నారు. నన్నడిగితే టీషర్టులు, ఒరేలు, శాలువా, అంతా ఆ ఐదు నిమిషాల కోసమే. ఆఫీసులో కలిస్తే ఫైలు పుడుతుంది, ఇక్కడైతే పాటే కదా!

వైర్లు చుట్టుకుని బయటికొస్తే సరుగుడు చెట్ల కింద డ్రైవర్లు పులిహోర ప్యాకెట్లు తింటున్నారు. "ఏటి గురూ, రోడ్డు సంగతి తేలిపోనాదా?" అని ఒకతను అడిగాడు. కాబట్టి గుట్టు తెలుసుకోవాలంటే అడవిలోకి దూరక్కర్లేదు, పార్కింగ్‌కి వెళ్ళండి.

బిల్లు ఎవరి పేరున రాయాలని అడిగితే మాత్రం ఎవరూ నోరు విప్పలేదు. చివరికి అన్నయ్యగారే "బర్త్‌డే పార్టీ అని రాసెయ్" అన్నారు. అలాగే రాసి డబ్బు తీసుకున్నాను.