తోకలున్నది గుడ్లు పెట్టదు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ అందింది. నర్సు మాటతీరు బాగా కుదిరింది. మూడో పేజీకి వచ్చేసరికి మాత్రం ఒళ్ళు మండింది. కెన్యాలోని కకమెగా అడవి అంచున, లేత పసుపు రెక్కలకు తోకలున్న పపిలియో డార్డనస్ సీతాకోకచిలుక నిమ్మజాతి మొక్క ఆకుల మీద గుడ్లు పెట్టిందని రాసి, దాన్ని నర్సు మాతృత్వానికి ముడిపెట్టావు. నాయనా, ఆ అడవిలో పసుపు రెక్కలూ తోకలూ మగదానివి!

అక్కడి ఆడది పగటివేషగాళ్ళను తలదన్నుతుంది. దానికి తోకలుండవు. పక్షులు చేదని వదిలేసే వేరే జాతుల రంగులు పులుముకుని తిరుగుతుంది. ఆఫ్రికాలో చాలాచోట్ల అది అమౌరిస్ అనే నలుపు తెలుపుల చేదు సీతాకోకచిలుకలా ఉంటుంది. కొన్ని ఆడవి, మన పొలం గట్ల మీద జిల్లేడాకు తిని పెరిగే నారింజ రంగు సీతాకోకచిలుకనే అచ్చు గుద్దినట్టు పోలి ఉంటాయి. మడగాస్కర్‌లో మాత్రం ఆడవీ మగవాటిలాగే పసుపుగా, తోకలతో ఉంటాయి. ఈ ఆడ రూపాలను వేర్వేరు జాతులుగా లెక్కగట్టిన కాలంలో, కేప్‌టౌన్‌లోని సీతాకోకచిలుకల పరిశోధకుడు రోలాండ్ ట్రైమెన్ 1869లో అవన్నీ ఒకే జాతి ఆడవని రాస్తే, కొందరు పెద్దలు నమ్మనేలేదు. మన ఊరి నుంచి వెళ్ళిన నీ నర్సు ఆ నారింజ రెక్కలను చూసి 'మా జిల్లేడు చెట్టు మీదిదే' అని మురిసిపోయి మోసపోతే, ఆ పేజీ ఎంత బాగుండేది! చూడకుండా తెచ్చిన ఉపమానాన్ని నేను క్షమించలేను.

నేనూ ఈ తప్పు చేసినవాణ్ణే. నా తొలి కథలో పోతుతాటికి ముంజల గెలలు వేలాడదీశాను. సంపాదకుడు కళ్ళు మూసుకుని అచ్చేశాడు. ఊళ్ళో చదివి వినిపిస్తే, మోకు భుజాన వేసుకుని నిలబడి విన్న గీత కార్మికుడొకాయన, "పోతుతాటికి కాయలు కాయించావంటే గొప్పోడివే" అన్నాడు. ఆ తర్వాత ప్రతి చెట్టునూ చూసి, అడిగి, పేరుతో రాయడం మొదలుపెడితే, అదే సంపాదకుడు 'వృక్షశాస్త్రం వద్దు' అంటూ పేర్లన్నీ కొట్టేసి 'ఏవో చెట్లు' అని దిద్దాడు. ఆ 'ఏవో' ఇప్పటికీ నా గొంతులో ముల్లే.

శీర్షిక గురించీ, ఏ పత్రికకు పంపాలనే దాని గురించీ అడిగావు. అవి తర్వాత చూద్దాం. ముందు గుడ్లు పెట్టేదానికి ఆ తోకలు కత్తిరించి, మూడో పేజీ తిరగరాసి పంపు.