ఐసీయూలో కుక్క చనిపోయింది: రాయని ఆ నాలుగు గంటలే మీ కేసు

ప్రశ్న: మా ఎనిమిదేళ్ల లాబ్రడార్‌కు కడుపు ఉబ్బి మెలిపడితే రాత్రి ప్రైవేటు పెట్ హాస్పిటల్‌లో ఆపరేషన్ చేసి ఐసీయూలో ఉంచారు. మమ్మల్ని ఇంటికి పంపేశారు. తెల్లారి 6 గంటలకు చనిపోయిందని ఫోన్. జరిగి 20 నెలలైంది. పోస్ట్‌మార్టం చేయించలేదు. తెలిసిన వెటర్నరీ డాక్టర్ ఒకరు పాత తేదీతో ‘నిర్లక్ష్యం వల్లే చనిపోయింది’ అని సర్టిఫికెట్ ఇస్తానంటున్నారు. తీసుకోవచ్చా?

జవాబు: ముట్టుకోకండి. మీ కుక్కను చూడని డాక్టరు పాత తేదీ వేసి ఇచ్చే కాగితం దొంగ సాక్ష్యం. ‘ఆ రోజు పరీక్ష చేసిన రికార్డు చూపించండి’ అని అవతలి లాయరు ఒక్క మాట అడిగితే చాలు, మీ దగ్గరున్న నిజమైన సాక్ష్యాన్ని కూడా ఎవరూ నమ్మరు. పైగా మీ మీదే క్రిమినల్ కేసు పడవచ్చు.

మీరు రెండు పేజీల నిండా అది మీ పిల్లలతో ఎలా పెరిగిందో రాశారు. కేసును తేల్చేది అది కాదు. చివర్లో ఒక్క వాక్యం రాశారే, మానిటరింగ్ షీట్‌కు ఫోటో తీశానని, అందులో రాత్రి 2 నుంచి 6 దాకా గడులన్నీ ఖాళీ అని, అదీ కేసు. ఈ ఆపరేషన్ తర్వాత గుండె లయ తప్పడం తరచూ జరిగేదే. అందుకే ఈసీజీ, బీపీ, చిగుళ్ల రంగు చూస్తూ రాస్తుండాలి. బిల్లులో ‘ఐసీయూ నైట్ మానిటరింగ్’ అని డబ్బు తీసుకున్నారు. వైద్యంలో తప్పు జరిగిందని నిరూపించాలంటే నిపుణుల అభిప్రాయం, పోస్ట్‌మార్టం రిపోర్టు ఉంటే బలం. మీకు రెండూ లేవు. డబ్బు తీసుకుని ఇవ్వని సేవ సంగతి వేరు, దానికి వాళ్ల బిల్లు, వాళ్ల షీటే సాక్ష్యం. ‘ఏం జరిగినా మా బాధ్యత లేదు’ అన్న కాగితం మీద మీరు సంతకం పెట్టినా భయం లేదు. నిర్లక్ష్యానికి అది రక్షణ కాదు.

పోస్ట్‌మార్టం లేకుండా పూడ్చేయడం, 20 నెలలు కేస్ షీట్ అడక్కపోవడం మాత్రం మీ తప్పే. సీసీటీవీ రికార్డింగు ఈపాటికి చెరిగిపోయే ఉంటుంది. ఇదే స్థితిలో ఉన్న మిగతా పాఠకులకు ఒక మాట: దేహాన్ని ఫ్రిజ్‌లో చల్లగా ఉంచి వెంటనే పోస్ట్‌మార్టానికి పంపండి. గడ్డకట్టించవద్దు, కణజాలం దెబ్బతిని పరీక్షకు సరిగా పనికిరాదు.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 69వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదు వేయడానికి గడువు రెండేళ్లు. మీకు మిగిలింది నాలుగు నెలలు. లీగల్ నోటీసు ఇచ్చి జవాబు కోసం కూర్చుంటే గడువు ఆగదు. ఆలస్యాన్ని మన్నించమని అడిగే వీలున్నా దాన్ని నమ్ముకోకండి.

ఈ వారమే కేస్ షీట్, మందుల చార్ట్, నైట్ డ్యూటీ వివరాలు ఇమ్మని స్పీడ్ పోస్టులో రాయండి, రశీదు దాచండి. ఇవ్వకపోతే తెప్పించమని వినియోగదారుల కమిషన్‌ను కోరవచ్చు. ఫోటో తీసిన ఫోన్ అమ్మకండి, అందులోంచి ఏదీ చెరపకండి. మీరు ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. హాస్పిటల్‌కు కట్టింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు. కట్టిన డబ్బు, మానసిక వేదనకు పరిహారం రెండూ అడగండి. డాక్టరు మీద విడిగా రాష్ట్ర వెటర్నరీ కౌన్సిల్‌కూ రాయవచ్చు, కానీ ముందు కమిషన్‌లో ఫిర్యాదు పడనివ్వండి.