రాత్రి విమానంలో కిటికీ సీటు: అమ్ములుకు పెదనాన్న లేఖ

చిరంజీవి అమ్ములుకు పెదనాన్న ఆశీస్సులు.

విశాఖ నుంచి హైదరాబాదుకు రాత్రి విమానంలో వెళ్తున్నామని, బాబుకు పైనుంచి ఊళ్ల దీపాలు చూపించాలని ఉందని రాశావు. ముందు సీటు సంగతి చూసుకో. ఆ విమానం దాదాపు నేరుగా పడమరకు పోతుంది కాబట్టి ఎడమవైపు ‘ఏ’ సీటు నుంచి కాకినాడ, రాజమండ్రి, గోదావరి డెల్టా ఊళ్లు, కుడివైపు ‘ఎఫ్’ సీటు నుంచి ఏజెన్సీ కొండలు కనిపిస్తాయి. దారిలో దీపాలు ఎడమవైపే ఎక్కువ. అయినా నేను కుడివైపే తీసుకోమంటాను. శంషాబాదు విమానాశ్రయం నగరానికి దక్షిణాన ఉంది కనుక, పడమర ముఖంగా దిగితే హైదరాబాదంతా ఆ కిటికీలోనే పరుచుకుంటుంది. గాలిని బట్టి తూర్పు ముఖంగా దింపితే మాత్రం చివరి నిమిషాల్లో నగరం అవతలి పక్కకు పోతుంది. రెక్క వెనుక సీట్లలో ఇంజిను వేడిగాలి అడ్డొచ్చి దీపాలు అలుక్కుపోయినట్టు కనిపిస్తాయి, అందుచేత రెక్కకు ముందున్న వరుసే ఎంచుకో.

కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి 20 నిమిషాలకు పైగా పడుతుంది, ఒక్కసారి ఫోను తెర చూస్తే ఆ అలవాటు చెదిరిపోతుంది. కాబట్టి బాబు చేతికి ఫోను ఇవ్వకు, తలపైన చదువుకునే దీపం ఆర్పెయ్యి, శాలువాను తల మీదుగా కిటికీ అంచుదాకా కప్పి చూడమను. అద్దంలో లోపలి వెలుతురు పడటం ఆగిపోతుంది. విశాఖ విమానాశ్రయం నౌకాదళానిది, అక్కడ ఫొటోలు తీయకూడదు. కిటికీ తెర దించమని సిబ్బంది చెబితే దించెయ్యి. తరవాత తీసినా ఫోను కెమెరా అద్దం మీది గీతలనే పట్టుకుంటుంది, నన్నడిగితే ఆ శ్రమ దండగ.

బయలుదేరే ముందే బాబును మ్యాపు దగ్గర కూర్చోబెట్టి, వెలుగులకంటే ముందుగా చీకటి ఎక్కడెక్కడ వస్తుందో చూపించు. పైనుంచి ఊరి పేరు తెలియదు; ఏది ఏ ఊరో నది, చెరువు, అడవి ఉన్న చోటును బట్టే పోల్చుకోగలం. విమానం సముద్రం వైపు లేస్తే, పోర్టులో చోటు కోసం లంగరేసుకున్న ఓడల దీపాలు కనిపించవచ్చు. ఆ తరవాత పాపికొండల ప్రాంతంలో గోదావరిని దాటేదాకా కుడి కిటికీలో దాదాపు ఏమీ ఉండదు, పిల్లవాడు విసుక్కుంటాడు. వెన్నెల రాత్రయితే ఆ చీకట్లో నది మెరుస్తుంది, అందుకే పౌర్ణమి దగ్గర్లో ప్రయాణం పెట్టుకోవడం మంచిది. నది దాటాక కుడివైపున మణుగూరు సింగరేణి గనుల దీపాల కోసం వెతకమను.

హైదరాబాదు దగ్గరపడుతుంటే ముందు 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డును పట్టుకోవాలి. వంపు తిరిగిన ఆ దీపాల వరుస దొరికితే లోపలి నగరం దానంతటదే తెలుస్తుంది. నగరం నడుమ చుట్టూ దీపాలుండి మధ్యలో నల్లగా కనిపించేది హుస్సేన్ సాగర్. వీధులు తెల్లగా కనిపించడానికి కారణం ఎల్‌ఈడీలు, ఇంకా అక్కడక్కడ పసుపు రంగులో ఉన్నవి పాత సోడియం దీపాలు. నాకైతే ఆ పసుపే ఇష్టం. దూరపు దీపాలు ఎందుకు మిణుకుమంటున్నాయని బాబు అడిగితే, వేడిలో తేడాలున్న గాలి గుండా వచ్చేటప్పుడు వెలుగు అటూ ఇటూ వంగుతుందని, నక్షత్రాలు మిణుకుమనేదీ అందుకేనని చెప్పు.

వానాకాలంలో అయితే మబ్బులు కమ్మేస్తాయి, కనుక కార్తీకం దాకా ఆగండి. తిరుగు ప్రయాణం కూడా రాత్రికే పెట్టుకుంటే మళ్లీ ‘ఎఫ్’ సీటే తీసుకో. అప్పుడు విమానం తూర్పుకు పోతుంది గనుక, వెళ్లేటప్పుడు వదులుకున్న డెల్టా దీపాలన్నీ ఆ కిటికీలోకే వస్తాయి.

ఇట్లు,
పెదనాన్న